ఒంటరి నావికుడు జాషువా స్లోకమ్

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు తీరమున మసాచుసెట్స్ అను రాష్ట్రము కలదు. అందు ఫెయిర్‌హేవెన్ అను చిన్న పట్టణము, అకుష్నెట్ నది సముద్రమున కలియుచోట నున్నది. నదికి ఆవలిగట్టున న్యూ బెడ్‌ఫర్డ్ రేవు. పందొమ్మిదవ శతాబ్దమున తిమింగిలముల వేటకు ఆ రేవు పెట్టినది పేరు. 1892వ సంవత్సరమున ఫెయిర్‌హేవెన్‌లో, నీటికి ఎడముగా నున్న పచ్చిక బయలులో, పాత పడవ యొకటి కిత్తాను గుడ్డ కప్పుకొని పడియుండెను. ఒకప్పుడది ఆల్చిప్పలు పట్టుటకు పనికివచ్చిన పడవ. దాని పేరు స్ప్రే. ఆ మాటకు అలల తుంపర యని యర్థము. అయితే తుంపర తగిలి ఆ పడవకు ఏడేండ్లు దాటెను. దాని వయస్సు నూరేండ్లుండునని ఊరివారు చెప్పుకొనెడివారు.

ఒకనాడు నడివయస్సు దాటిన మనిషి యొకడు వచ్చి ఆ పడవచుట్టు తిరిగి, కొయ్యలు తట్టి చూచుచుండెను. ఇన్నాళ్ళకు దీనిని విరుగగొట్టి కట్టెలు చేసికొనువాడు వచ్చెనని ఇరుగుపొరుగువారు తలంచిరి. విరుగగొట్టుటకు గాక బాగుచేయుటకు వచ్చితినని అతడు చెప్పినప్పుడు వారు విస్తుపోయిరి. ఆ పనికి పెట్టిన ఖర్చు తిరిగి వచ్చునా యని ఒక యేడాదికి పైగా ఊరంతయు అడుగుచునే యుండెను. ఆ వచ్చినవాడు జాషువా స్లోకమ్.

జాషువా 1844వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన నోవా స్కోషియాలో మౌంట్ హాన్లీ అను పల్లెలో జన్మించెను. ఇప్పుడది కెనడా దేశములోని భాగము. తల్లిదండ్రులకు పదునొకండుగురు బిడ్డలు. అందు అతడు ఐదవవాడు. కుటుంబము తరువాత బ్రయర్ ద్వీపమునకు తరలిపోయెను. అచట తండ్రి జాలరులకు తోలు బూట్లు కుట్టు దుకాణము పెట్టెను. పదియేండ్ల ప్రాయముననే బాలుడు బడి మానివేసి ఆ దుకాణములో కూర్చుండవలసివచ్చెను. తోలువాసన నడుమ దినమంతయు పనిచేయుచున్నను అతని మనస్సు మాత్రము సముద్రముమీదనే యుండెడిది. ఇంటి నేలమాళిగలో దాగుకొని అతడొక చిన్న ఓడబొమ్మ చెక్కుచుండగా తండ్రి చూచి, పని మాని ఆటలాడుచున్నాడన్న కోపముతో దానిని నేలకు కొట్టి ముక్కలు చేసెను. పెద్దకుటుంబము పోషించువాని కష్టము తండ్రిది. కాని పిల్లవాని చేతిపనిని పగులగొట్టిన పెద్దలు తాము పగులగొట్టినదేమో ఎరుగరు.

పదునాలుగేండ్లకు జాషువా ఇల్లు విడిచి చేపలపడవలో వంటవాడుగా చేరెను. అతడు వండిన మొదటి పిండివంట రుచిచూచినంతనే నావికులందరు ఏకమై అతనిని ఆ పనినుండి తొలగించిరి! రెండేండ్లకు తల్లి మరణించెను. ఇక ఇంట నిలుపు బంధము లేకపోయెను. కలప మోయు ఓడయెక్కి ఐర్లండు చేరెను. పుస్తకములు తానే చదువుకొని పదునెనిమిదేండ్లకే ఓడలో ఉపాధికారి కావలసిన పరీక్షలో నెగ్గెను. ఇరువదియైదేండ్లకు కప్తానయ్యెను. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవున వర్జీనియా వాకర్ అను యువతిని వివాహమాడెను. ఆమె భర్తతోకూడ ఓడలోనే కాపురముండెను. వారి బిడ్డలు ఓడలపైనను, రేవులలోను పుట్టి పెరిగిరి. 1884లో బ్యూనస్ ఎయిరిస్ రేవున ఓడ లంగరు వేసియుండగా ఆమె కన్నుమూసెను. జాషువా జీవితమున ఆ దినమునుండి అదృష్టము పెడమొగము పెట్టెను.

1887వ సంవత్సరాంతమున, తన సర్వస్వమైన ఆక్విడ్నెక్ అను ఓడ బ్రెజిల్ తీరమున ఇసుకతిప్ప నెక్కి పగిలిపోయెను. రెండవ భార్యయు ఇద్దరు కుమారులును తనతో ఆ పరాయితీరమున చిక్కుకొనిరి. చేతిలో తిరుగుప్రయాణమునకు సొమ్ము లేదు. అప్పుడాయన చుట్టుపట్ల దొరకిన కలపతోను, పగిలిన ఓడనుండి తీసిన సామగ్రితోను 35 అడుగుల పడవను తానే కట్టెను. భార్య తెరచాపలు కుట్టెను. ఆ పడవ నీట దిగిన దినము 1888 మే 13వ తేదీ. బ్రెజిల్ దేశమున బానిసలకు విముక్తి ప్రకటించిన దినము అదియే. అందుచే దానికి లిబెర్డాడె, అనగా స్వేచ్ఛ, యని పేరిడి, భార్యాబిడ్డలతో దానిలో ఐదువేల మైళ్ళకు పైగా పయనించి అమెరికా చేరెను.

చేరెను గాని చేయుటకు పని లేదు. ఆవిరియంత్రముల యోడలు సముద్రముల నాక్రమించినవి. తెరచాప యోడలు ఒకటొకటిగా రేవులలో కుళ్ళుచుండెను. తెరచాపలనే నమ్ముకొన్న కప్తానులు పనిలేనివారైరి. బోస్టను ఓడరేవులో కూలిపని కూడ సులభముగా దొరకునది కాదు. ఓడలు కట్టుచోట పనికిపోయినచో సంఘమునకు ముందుగా 50 డాలర్లు చెల్లింపవలెననిరి. ఇట్టి సమయమున 1892లో ఒక చలికాలపు దినమున ఎబెన్ పియర్స్ అను పాత మిత్రుడు కనబడెను. ఆయన తిమింగిలముల వేటలో కాలము గడపిన కప్తాను. తన కొక ఓడ యున్నదనియు, దానికి కొంత మరమ్మతు కావలెననియు, దానిని ఊరకనే ఇచ్చెదననియు చెప్పెను. మరునాడు జాషువా ఫెయిర్‌హేవెన్ పోయి చూచునప్పటికి ఆ యోడ పచ్చికలో కూరుకొనిన స్ప్రే! పియర్స్ పరిహాసమాడెనని తెలిసినది. అయినను జాషువా వెనుదిరుగలేదు. గొడ్డలి తీసికొని ఓకు చెట్టుకొరకు వెదకెను.

పడవకు వెన్నెముక అడుగుదూలము. సమీపమున నున్న బలమైన ఓకు చెట్టును కొట్టి జాషువా దానిని చెక్కెను. ఒక రైతు దుంగలను బండిపై తెచ్చి యిచ్చెను. వెన్నెముకకు పక్కటెముకలు తోడు కావలెను గదా! వానికై లేత ఓకు కొమ్మలను తిన్నగా చెక్కి, ఆవిరిపెట్టెలో నుంచి, మెత్తబడినంతనే తీసి, దుంగపై వంచి, వంపు నిలుచువరకు కట్టియుంచెను. ఆవిరి పుట్టించుటకు పెద్దకుండ యొకటి చాలెను. పాత పడవనుండి ఒక్కొక్క కొయ్య తీసి, దాని కొలతకు కొత్తకొయ్య చేసి, అదే చోట బిగించుచుండెను. ఇట్లు చేసినందున రూపము చెడలేదు. కొయ్య మాత్రము మారినది. పని ముగియునప్పటికి పాత పడవలోని కొయ్య ఏమంత మిగులలేదు. ఇది పాత స్ప్రేయా, కొత్త స్ప్రేయా? ఒక ఓడను ముక్కముక్కగా మార్చుచు పూర్తిగా కొత్తది చేసినను అది ఆ పేరి యోడయే యని ఓడలవారి న్యాయము. జాషువా ఆ న్యాయమునే నమ్మి పేరు మార్చలేదు.

పక్క పలకలు జార్జియా దేవదారువి. మందము అంగుళమున్నర. వానిని బిగించిన తరువాత మిక్కిలి ఓర్పు కావలసిన పని మిగిలెను. పలకల నడిమి సందులలో మొదట దూదిని కూరి, దానిపై పాతమోకుల పీచును కూరి కొట్టవలెను. ఒక్క సందు వదలినను సముద్రము దానిని కనుగొనును. కూరిన దూది ఊడకుండునా యని చూచువారు సందేహించిరి గాని జాషువా వారి మాటలు వినుచునే కొట్టుచుండెను. తిమింగిల వేటగాండ్రైన ముసలి కప్తానులు ఊతకర్రలతో వచ్చి పడవను పరీక్షించి పోయెడివారు. ముందుభాగపు కొయ్యల బలము చూచి, ధ్రువసముద్రపు మంచుగడ్డలను గూడ ఇది పగులగొట్టగలదని వారు మెచ్చుకొనిరి. వసంతము వచ్చెను. చుట్టు చెట్లు పూచెను. సుత్తి చప్పుడు ఆగలేదు. చేతిలోని సొమ్ము తక్కువైనప్పుడు ఊరిలో ఓడలపై కూలిపని చేసి, మరల స్ప్రే వద్దకు వచ్చెడివాడు. స్ప్రే పనికి పదమూడు నెలలు పట్టెను. సామగ్రికైన ఖర్చు మొత్తము 553 డాలర్ల 62 సెంట్లు. తన చేతికష్టమునకు ఆయన వెల కట్టుకొనలేదు.

తయారైన స్ప్రే పొడవు 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు. పొడవునకు తగినదానికన్న వెడల్పు ఎక్కువ. ఇట్టి పడవ మెల్లగా పోవునని కొందరనిరి. కాని అది పక్కకు సులభముగా ఒరుగదు. న్యూ హాంప్‌షైర్ అడవులనుండి తెచ్చిన స్ప్రూసు మ్రాను కంబముగా నిలిచెను. అడుగున రాగిరంగు, పైన తెల్లరంగు పూసిరి. రంగు ఆరిన మరునాడే పడవను నీట దింపిరి. ఏడేండ్లకు పైగా గడ్డిలో పడియున్న పడవ నీటిపై తేలి, తన తుప్పుపట్టిన పాతలంగరునకు కట్టువడి నిలిచెను. తీరమున ఒక దేవదారు గుంజకు దాని మోకు కట్టిరి. ఆ గుంజను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. పియర్స్‌ను వెంటబెట్టుకొని జాషువా బజర్డ్స్ బే మీద మొదటి పరీక్షా ప్రయాణము చేసెను. పడవ చక్కగా నడచెను. చుక్క నీరు లోపలికి రాలేదు.

అయినను పడవ మంచిదైనంత మాత్రమున అన్నము దొరకదు. దానితో చేపలు పట్టి బ్రతుకవలెనని జాషువా ఒక ఋతువు ప్రయత్నించెను. గాలమునకు ఎర గ్రుచ్చుటలో తన కంత నేర్పు లేదని తేలెను. ఓడలతో ప్రపంచమంతయు తిరిగిన కప్తాను కొన్ని చేపలు చాలినన్ని పట్టలేకపోయెను. ఊరివారు ముందే అడిగిన ప్రశ్న నిజమయ్యెను. పెట్టిన ఖర్చు తిరిగిరాలేదు. అప్పుడాయన తనకు తెలిసిన పనినే చేయ నిశ్చయించెను. అది సముద్రయానము. ఒక్క మనిషి ఒక్క పడవలో భూమిని చుట్టిరావలెను. అంతవరకు ఎవడును చేయని పని యది.

1895 ఏప్రిల్ 24వ తేదీన మధ్యాహ్నము బోస్టను రేవునుండి స్ప్రే బయలుదేరెను. అప్పుడు జాషువా వయస్సు 51 సంవత్సరములు. తొలినాళ్ళలోనే లోపములొకటొకటిగా బయటపడుచు వచ్చెను. తీరమునకు పోయి వచ్చుటకు చిన్నదోనె కావలెను గాని, స్ప్రే మీద నిండుదోనె యుంచుటకు చోటులేదు. గ్లౌస్టర్ రేవులో ఎవరో పారవేసిన డోరీ అను జాలరిదోనె దొరకెను. ఆయన దానిని అడ్డముగా రెండు ముక్కలు కోసి, కోసిన చోట పలకలు బిగించి, సగము దోనె తయారుచేసెను. ఒక్కడే దానిని పైకి లాగవచ్చును. బట్టలుతుకుటకును, స్నానము చేయుటకును అదియే తొట్టి. ఎంత తెలివి! కాని ఆ సగము దోనెయే కొలది నెలలలో ఆయన ప్రాణములమీదికి తెచ్చెను.

మరియొక కొరత గడియారము. నడిసముద్రమున ఓడ యెక్కడ నున్నదో తెలిసికొనుటకు సూర్యుని యెత్తు చూచిన అక్షాంశము తెలియును. రేఖాంశము తెలియవలెనన్నచో కచ్చితమైన కాలము తెలియవలెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. అనగా గడియారము నాలుగు నిమిషములు తప్పినచో భూమధ్యరేఖవద్ద ఓడస్థానము 60 నావిక మైళ్ళు తప్పును. అందుచే నావికులు క్రోనోమీటరు అను మిక్కిలి విలువగల గడియారమును కన్నుగ్రుడ్డువలె కాపాడుకొందురు. జాషువావద్ద పాత క్రోనోమీటరు ఉండెను గాని బాగుచేయుటకు 15 డాలర్లు కావలెననిరి. అంత ఇచ్చుకొనలేక దానిని ఇంటనే విడిచెను. నోవా స్కోషియాలోని యార్‌మత్ రేవులో ఒక రేకు గడియారము కొనెను. దాని వెల డాలరున్నర. ముఖము పగిలియుండుటచే డాలరునకే ఇచ్చిరి. భూప్రదక్షిణమునకు ఆయన వెంట నున్న గడియారము అదియొక్కటియే. దారిలో బ్రయర్ ద్వీపమున, తాను బాల్యమున బూట్లు కుట్టిన చోట, స్ప్రేను ఆపి పలకల సందులన్నియు పరీక్షించెను. ఏదియు కదలలేదు. జూలై 2వ తేదీన యార్‌మత్ విడిచి అట్లాంటిక్ మహాసముద్రములో ప్రవేశించెను.

మొదటి దినములలో ఏకాంతము ఆయనను మిక్కిలి బాధించెను. మాటలాడుటకు మనిషి లేనిచో గొంతు పోవునేమోయని లేని నావికులకు బిగ్గరగా ఆజ్ఞలిచ్చెడివాడు. తరువాత పాటలు పాడుకొనెడివాడు. ఒంటరివాడు నిదురించునప్పుడు చుక్కాని పట్టువారెవరు? స్ప్రేలోని గొప్పగుణము ఇచ్చటనే వెల్లడియయ్యెను. తెరచాపలను తగినట్లు సవరించి చుక్కానిపిడిని కట్టివేసినచో, పొడవైన అడుగుదూలము వలన ఆ పడవ తన దారిని తానే పట్టి పోవును. కొంచెము గాలి మారి పక్కకు తిరిగినను, చాపలపై గాలి ఒత్తిడి మారి మరల దారిలోకి వచ్చును. అజోర్స్ ద్వీపములు విడిచిన తరువాత, అచట కొన్న పండ్లును జున్నును తిని ఆయన కడుపునొప్పితో ఒడలు తెలియక పడియున్నప్పుడు తుపాను వచ్చెను. తెలివివచ్చి చూచునప్పటికి స్ప్రే తప్పిపోక దారిమీదనే పోవుచుండెను.

ఆగస్టు 4వ తేదీన జిబ్రాల్టరు చేరెను. ఆయన మొదటి ఆలోచన మధ్యధరా సముద్రము, సూయజ్ కాలువ గుండ తూర్పునకు పోవుట. ఆ దారిలో దొంగల భయమున్నదని అచటి బ్రిటిష్ నౌకాధికారులు హెచ్చరింపగా, వచ్చిన దారినే తిరిగి అట్లాంటిక్ దాటి, దక్షిణ అమెరికా కొసనుండి పడమరగా పోవ నిశ్చయించెను. ఆగస్టు 25వ తేదీన బయలుదేరెను. తప్పించుకొనబోయిన దొంగలే మొరాకో తీరమున వెంటబడిరి. వారి ఫెలూకా వేగము కలది. దూరము క్షణక్షణమునకు తగ్గుచుండెను. స్ప్రే చాపలన్నియు విప్పి పరుగిడుచుండగా పెద్ద గాలికెరటము కొట్టెను. పెద్దచాప అడుగంచును పట్టియుంచు అడ్డదూలము పెళుక్కున విరిగెను. జాషువా చాపను దింపి, తుపాకి చేతబట్టి వెనుకకు చూచెను. ఆ గాలియే దొంగలపడవ కంబమును కూల్చివేసినది. వారు తమ పడవ సరిచేసికొనుచుండగా ఆయన దూరమేగెను. చాప చిరుగలేదు. విరిగిన దూలమును సముద్రముమీదనే కట్టి సవరించి, నలుబది దినములకు అట్లాంటిక్ దాటి, అక్టోబరు 5వ తేదీన బ్రెజిల్‌లోని పెర్నంబుకో చేరెను. అచట దూలము లోపలికొసను నాలుగడుగులు కోసివేసి, మరల కంబమునకు అమర్చెను. పొడవు తగ్గినది గాని పని జరిగినది. రియో రేవులో పడవ వెనుకభాగమున అర్ధచంద్రాకారపు ఆధారము నొకటి బిగించెను. దక్షిణ సముద్రముల గాలులకు తట్టుకొనుటకై అచట రెండవ చిన్నకంబము నిలుపవలెనని ఆయన యాలోచన.

డిసెంబరు 11వ తేదీన యురుగ్వే తీరమున అన్నిటికన్న పెద్ద యాపద వచ్చెను. వెన్నెల రాత్రి. ఇసుకతిన్నెల రంగు దూరమును మరుగుపరచెను. తీరమునకు మిక్కిలి దగ్గరగా పోవుచున్నానని ఆయన గ్రహింపలేదు. తెల్లవారకముందే స్ప్రే ఇసుకమీది కెక్కి ఆగిపోయెను. ఇట్టియెడ ఒక్కటే ఉపాయము. బరువైన లంగరును దోనెలో లోతునీటికి తీసికొనిపోయి పడవేసి, దాని మోకు పట్టి ఓడను వెనుకకు లాగవలెను. జాషువా లంగరును, మోకును ఆ సగము దోనెలో నెక్కించి తెడ్డువేసెను. అలలు పొంగుచుండెను. దోనె కారుచుండెను. బరువునకు అంచులదాక నీరు వచ్చెను. ఇక మునుగుననగా ఆయన లంగరు నెత్తి తలపైనుండి దూరముగా విసరెను. అదే క్షణమున దోనె బోర్లపడెను.

దోనె అంచు పట్టుకొనినప్పుడు ఆయనకొక సంగతి జ్ఞాపకము వచ్చెను. తనకు ఈతరాదు! నలుబదేండ్లు సముద్రముమీద గడపిన కప్తానునకు ఈత రాదన్నచో ఆశ్చర్యముగా నుండును గాని, ఆ కాలపు నావికులు పెక్కుమంది అట్టివారే. దోనెను తిప్పబోయినప్పుడెల్ల అది మరల బోర్లపడుచుండెను. ఎట్లో దానిని నిలిపి, ఎక్కి, చేజిక్కిన తెడ్డుతో ఒడ్డు చేరెను. అప్పటికాయన ఉప్పునీరు మ్రింగి అలసిపోయెను. వెనుదిరిగి చూడగా స్ప్రే ఇంకను ఇసుకమీదనే యున్నది. లంగరుమోకు కొస పడవకు కొన్ని అడుగులు చాలకుండెను. దానికి మరియొక మోకు ముడివేసి బిగించి, పోటునీటికై వేచి పండుకొనెను. ఉదయమున గుఱ్ఱమెక్కిన పల్లెబాలుడొకడు వచ్చి, యజమాని లేని పడవ దొరకినదనుకొని, తన త్రాడు తగిలించి లాగ మొదలిడెను. లోపలినుండి మనిషి లేచివచ్చుట చూచి వానికి నిరాశ కలిగియుండును. చుట్టుపట్లవారి సాయముతో పడవను నీటిలోనికి లాగిరి. అడుగుదూలమును కాపాడు పైకొయ్య కొంత ఊడిపోయెను. ఓకుకొయ్య వెన్నెముక మాత్రము చెక్కుచెదరలేదు. ఒక సంవత్సరమునకు పైగా ఫెయిర్‌హేవెన్ పచ్చికలో పడిన శ్రమ ఆ రాత్రి తన లెక్క తీర్చెను.

మాంటివిడియోలో ఒక పెద్ద నౌకాసంస్థ ప్రతినిధులు పడవను ఊరకనే బాగుచేయించి, పైగా 20 పౌండ్లు బహుమానమిచ్చిరి. అచటినుండి బ్యూనస్ ఎయిరిస్ పోయెను. పదునొకండేండ్లకు ముందు వర్జీనియాను కోల్పోయిన రేవు అదియే. అచట కంబమును ఏడడుగులు తగ్గించెను. ముందున్నవాని గాలిబలమెంతో ఆయనకు బాగుగా తెలియును. 1896 ఫిబ్రవరిలో మెగలన్ జలసంధి ప్రవేశించెను. పుంటా అరీనస్‌లో సాంబ్లిచ్ అను కప్తాను ఆయనకొక సంచి నిండ తివాచీలకు కొట్టు చిన్నచీలలు ఇచ్చెను. రాత్రివేళ వానిని పడవపై చల్లి పండుకొనవలెనని దాని యుపయోగము. దొంగతనమునకై వట్టికాళ్ళతో ఎక్కినవారు ఒకనాటి రాత్రి కేకలు పెట్టుచు నీటిలో దుమికిరి. ఆ కేకలే జాషువాను మేల్కొలిపెను.

మార్చి 3వ తేదీన జలసంధి దాటి పసిఫిక్ మహాసముద్రములో అడుగిడినంతనే తుపాను పట్టుకొనెను. పెద్దచాప పేలికలయ్యెను. దినములకొలది గాలి తోలినట్లు ఆగ్నేయదిశగా కేప్ హార్న్ వైపు కొట్టుకొనిపోయి, చీకటిలో తెల్లని నురుగు క్రక్కు బండలనడుమ చిక్కి, వానినుండి వెలువడి, మరల జలసంధిలోనికే వచ్చిపడెను. ఇది చాలునని ఇంటికి మరలుట ఎవరికైనను తోచును. ఆయన సూదియు దారమును తీసికొని కూర్చుండి, దొరకిన గుడ్డలతో కొత్తచాప కుట్టెను. పోర్ట్ అంగోస్టో అను తావున, ముందుగా తలచినట్లు, వెనుక చిన్నకంబము నిలిపి దానికి చాప కట్టెను. అచటనుండి బయలుదేరుటకు ఆరుమారులు యత్నించి వెనుకకు మరలి, ఏడవమారు ఏప్రిల్ 13వ తేదీన పసిఫిక్‌లో ప్రవేశించెను.

అటుపై ప్రయాణము అనుకూలముగా సాగినది. హువాన్ ఫెర్నాండెజ్ ద్వీపము, సమోవా, ఆస్ట్రేలియా చూచెను. థర్స్‌డే ద్వీపమునుండి హిందూమహాసముద్రములోని కోకోస్ ద్వీపములవరకు 2,700 మైళ్ళు. ఆ దూరము 23 దినములలో దాటెను. అందు ఆయన చుక్కాని పట్టినది మూడుగంటలకు మించలేదు. కోకోస్ ద్వీపములవద్ద పడవ ముందుకొయ్య పగడపుబండను కొట్టి రెండుగా చీల్చినది. ఫెయిర్‌హేవెన్ ఓకునకు గీటుపడలేదు. దారిలో రేకుగడియారము నిమిషపుముల్లు రాలిపోయెను. దానిని నీటిలో ఉడికింపగా గంటలు మాత్రము చెప్పుట మొదలిడెను! జాషువాకు ఆ మాత్రము చాలును. చంద్రునికిని నక్షత్రములకును నడుమ దూరము కొలిచి కాలము లెక్కకట్టు పాతవిద్య ఆయనకు తెలియును. మారిషస్, దక్షిణాఫ్రికా, సెయింట్ హెలీనా దాటి, 1898 జూన్ 27వ తేదీ అర్ధరాత్రి దాటినవేళ న్యూపోర్ట్ రేవున లంగరువేసెను. పయనించిన దూరము 46,000 మైళ్ళు. కాలము మూడేండ్ల రెండు నెలల రెండు దినములు.

అయినను ప్రయాణము ముగిసినదని ఆయన యొప్పుకొనలేదు. జూలై 3వ తేదీన స్ప్రేను అకుష్నెట్ నదిలోనికి తెచ్చి, తొలిదినమున నీట దింపినప్పుడు కట్టిన ఆ దేవదారు గుంజకే మోకు చుట్టెను.

తరువాత ఆయన వ్రాసిన ప్రయాణగ్రంథము అమెరికాలోని సెంచురీ మాసపత్రికలో మొదట వెలువడి, 1900లో పుస్తకమయ్యెను. మూడవతరగతి దాటని చదువు ఆ గ్రంథమునకు అడ్డురాలేదు. ఎన్నో భాషలవారు నేటికిని దానిని చదువుచున్నారు. కొంతకాలము మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపమున పొలము కొని వ్యవసాయము చేసెను. నేల ఆయనను నిలుపలేదు. చలికాలము వచ్చిన ప్రతిసారి వెచ్చని ద్వీపములకు స్ప్రేలో పోయివచ్చుచుండెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్ది ముగియుచుండగా, అరువదియైదేండ్ల ప్రాయమున, దక్షిణ అమెరికా నదులు చూచుటకని ఒక్కడే బయలుదేరెను. తరువాత ఆయననుగాని, స్ప్రేనుగాని చూచినవారు లేరు. ఒక పలకయు ఒడ్డునకు కొట్టుకొనిరాలేదు. 1924లో న్యాయస్థానము ఆయన మృతిచెందినట్లు ప్రకటించెను.